మా బావ కట్టిన మురుగు తొట్టి

మంగళవారం పొద్దున నా మేనకోడలు పట్నంలో వాషర్‌మెన్‌పేట్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మా ఊరి మురుగు తొట్టి దగ్గర ఉన్నాను. జల్లెడకు పట్టిన చెత్తను పళ్ళున్న ఇనుప కర్రతో పైకి లాగుతున్నాను. ఫోన్ జేబులో మోగి ఆగింది. మళ్ళీ మోగింది. చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని తీశాను.

"మామా, నాన్న పోయినాడు" అంది.

ఇనుప కర్ర కింద పెట్టాను.

"ఇప్పుడే. కాపీ తాగినాడు, గ్లాసు కింద పెట్టినాడు, అంతే" అంది. కాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది. "నువ్వు యాడుండావు మామా?"

"తొట్టి కాడమ్మా."

"ఆ పని ముగించుకోనే రా. మధ్యలో వదిలేసి వస్తే ఆయన ఒప్పుకోడు."

ముగించుకునే వెళ్ళాను. చెత్తను గోతిలో వేసి, మన్ను కప్పి, కాళ్ళు కడుక్కుని బస్సెక్కాను.

వాళ్ళ ఇంటి ముందు షామియానా కింద కూర్చున్న బంధువు ఒకాయన పక్కాయనతో అంటున్నాడు. "బతుకంతా మురుగులోనే ఉండినాడు గదా, అదే తినేసింది." మా బావకు ఎనభై రెండేళ్ళు. మా రెండు వంశాల్లోనూ అంత వయసు చూసిన మగవాడు ఇంకొకడు లేడు. అయినా నేను ఏమీ అనలేదు. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. ఊరి బళ్ళో ఎనిమిది దాకా తెలుగులో చదివాను కాబట్టి రాయడం కొంచెం వస్తుంది. ఆ రోజు అనాల్సిన మాట ఈ రోజు రాస్తున్నాను. మురుగు ఆయన్ను తినలేదు. మా ఊరి మురుగు మా ఊరిని తినకుండా ఆపినవాడు ఆయన.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆయన పోయి పదిహేను రోజులు కాకముందే, ఆ తొట్టి ఇక మనకెందుకు అనే మాట ఊళ్ళో లేచింది.

మా బావ అంటే మా అక్క మొగుడు. పట్నంలో మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో ఆపరేటరుగా చేరి, ఆపరేటరుగానే రిటైరయ్యాడు. కాపురం తొండియార్‌పేటలో. మాది పట్నానికి ఉత్తరాన, బస్సులో గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊరు. అరవై చిల్లర ఇళ్ళు. ఎన్ని తరాలుగా ఇక్కడ ఉన్నామో చెప్పగలిగేవాళ్ళు లేరు గానీ ఇంట్లో తెలుగే. వీధిలోకి వస్తే అరవం కలుస్తుంది.

ఆ కాలంలో మా నాన్నకు అల్లుడి ఉద్యోగం చెప్పుకోవాలంటే సిగ్గు. "నీళ్ళ ఆఫీసులో పని" అనేవాడు. పెళ్ళి భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఊరుకోక అడిగాడు. "నీళ్ళ ఆఫీసంటే ఏం పని అల్లుడా, కొళాయి బిల్లులా?"

బావ అన్నంలో సాంబారు కలుపుకుంటూ జవాబు చెప్పాడు. "లేదు పెద్దాయనా. పొద్దున మీరు వదిలింది నా కాడికే వస్తాది. బాగు చేసి పంపిస్తా."

పంక్తి మొత్తం ఆగిపోయింది. పాయసం వడ్డించేవాడు గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. మా నాన్న ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు. మా అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మాత్రం నేను చూశాను.

తర్వాత కూడా కొందరు బంధువులు ఆయన ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. ఎండన పడి వచ్చి, వీధి చివర అంగట్లో సోడా తాగి, అప్పుడు మెట్లెక్కేవాళ్ళు. "దాహం తీర్చుకోనే వచ్చినారు గదా, మంచిది, కూచోండి" అనేవాడు బావ. ఆ గొంతులో కోపం ఉండేది కాదు. తల మాత్రం ఒక్కనాడూ దించలేదు.

రిటైరైన కొన్నేళ్ళకు మా అక్క మాట మీద మా ఊరొచ్చి స్థిరపడ్డాడు. అప్పటికి మా ఊళ్ళో ఇంటింటికీ కొళాయి వచ్చింది, మరుగుదొడ్డి వచ్చింది. నీళ్ళు వచ్చే దారి అందరూ చూశారు. పోయే దారి ఎవరూ చూడలేదు. స్నానం నీళ్ళు, అంట్ల నీళ్ళు, దొడ్ల వెనక నుంచి పొంగేవి, అన్నీ వీధి కాలువలో కలిసి పల్లానికి పోయేవి. పల్లంలో చివరి ఇల్లు ఇడ్లీలు అమ్మే ఆమెది. ఆమె గడప ముందు నిలిచి, నిండి, పక్కనున్న చెరువులోకి జారేవి. చెరువు గట్టు కిందే ఊరి తాగునీటి బావి. వానలు మొదలైతే పిల్లలకు వాంతులు, విరేచనాలు. వేడి చేసిందని మజ్జిగ పోసేవాళ్ళం.

బావ వచ్చిన మొదటి వారమే ఆ కాలువ పక్కన గొంతుక్కూర్చుని, పుల్లతో కెలికి, వంగి వాసన చూశాడు. నేను తువ్వాలు ముక్కుకు పెట్టుకున్నాను. దాన్ని లాగేశాడు. "ముక్కు మూసుకుంటే పని తెలియదురా" అన్నాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

అప్పటి పంచాయతీ వాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి పల్లంలో కొంచెం జాగా, సిమెంటు, ఇటుక సాధించాడు. కూలి మేమే. నీళ్ళు నింపిన సన్న గొట్టం ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని వీధి పొడుగునా వాలు చూశాం. చెత్త ఆగడానికి జల్లెడ, బురద దిగడానికి ఒక తొట్టి, దాని పక్కన మూడు అరలు, ఆ తర్వాత కంకర నింపిన పొడుగాటి గుంట, గుంట నిండా మెట్టతామర మొక్కలు. మోటారు లేదు, కరెంటు లేదు. జల్లెడ పట్నంలో చూలైలోని ఒక వెల్డింగు షాపులో చేయించాడు. సందు చిటికెన వేలంత ఉండాలంటే బొటనవేలంత చేశారని రెండుసార్లు వెనక్కి ఇచ్చాడు.

అన్నీ అయ్యాయి. నీళ్ళు నిండాయి. నెల దాటినా కంపు పోలేదు. ఊరంతా నవ్వింది. "పట్నం కంపు చాలక ఈడికి గూడా తెచ్చినాడు" అన్నారు. నాకు వీధిలో నడవాలంటే మొహం చెల్లేది కాదు. బావకు చీమ కుట్టినట్టయినా లేదు. "పాలల్లో తోడు వెయ్యకుండా పెరుగు కాలేదంటే ఎట్టరా?" అన్నాడు.

మురుగును తినే పురుగులు ఉంటాయట. కంటికి కనపడనంత చిన్నవి. అవి వాటంతట అవి పుట్టి పెరగాలంటే చాలా కాలం పడుతుంది. బాగా నడిచే తొట్టిలోంచి కొంచెం బురద తెచ్చి కలిపితే తొందరగా అందుకుంటాయి. ఇద్దరం ఆయన పాత ప్లాంటుకు వెళ్ళాం. ఆయన కింద పని నేర్చుకున్నవాళ్ళు అక్కడ ఉన్నారు. రెండు క్యాన్ల నిండా నల్లటి బురద పోసి ఇచ్చారు. తొండియార్‌పేటలో బస్సెక్కాం.

కండక్టరు అరవంలో అడిగాడు. "క్యాన్లో ఏంది పెద్దాయనా?"

"తోడు" అన్నాడు బావ.

"ఇంత తోడా? పాలెంత?"

"ఊరంతా."

కండక్టరు లగేజీ టికెట్టు చింపి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఎండ బాగా ఉంది. సగం దారిలో ఒక క్యాను మూత బుస్సుమని లేచింది. ఆ వాసన గురించి ఎక్కువ రాయను. తర్వాతి స్టాపులో, దిగాల్సినవాళ్ళూ దిగారు, అక్కర్లేనివాళ్ళూ దిగారు. కండక్టరు టికెట్ల సంచి మొహానికి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"తోడు పులిసిపొయ్యింది పెద్దాయనా. దిగిపోండి."

"దిగమంటే దిగతాం. క్యాన్లు ఈడనే పెట్టి దిగతాం" అన్నాడు బావ.

ఊరి దాకా తీసుకొచ్చి దించారు. బస్సంతా మేమిద్దరమే. నేను తువ్వాలు తల మీద కప్పుకుని కిటికీలోకి తిరిగి కూర్చున్నాను. బావ ఒళ్ళో క్యాను పట్టుకుని అన్నాడు, "నీకెందుకురా సిగ్గు? దిగిపొయ్యినోళ్ళు వదిలిందే గదా ఇది."

మూడు వారాలకు కంపు తగ్గింది. కంకర గుంట చివర, గొట్టంలోంచి పలచటి టీ రంగులో నీళ్ళు రావడం మొదలైంది. తర్వాత ఆ రంగు కూడా పోయింది. బావ పొద్దున్నే ఒక గాజు సీసాలో పట్టి, వెలుగుకు ఎత్తి, తిప్పి చూసి, మూత తీసి వాసన చూసి పారబోసేవాడు. ఆ తర్వాతే కాఫీ.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. తొట్టి చూడటానికి పై నుంచి ఒక అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. బావ ఆ ముందు రోజు పట్నం వెళ్ళాడు. మా ఊళ్ళకు పెద్దవాళ్ళు ఎవరు వచ్చినా దారికి రెండు పక్కలా బ్లీచింగు పొడి చల్లుతాం. పెళ్ళికి ముగ్గు ఎంతో దానికి అది అంత. ఆ రోజు కూడా మూట తెప్పించి చల్లుతున్నారు. దారి తెల్లగా మెరుస్తుంటే, బావ కట్టిన తొట్టి మాత్రం నల్లగా ఉండటం నాకు నచ్చలేదు. మిగిలిన మూటంతా తీసుకెళ్ళి, ఎవరికీ చెప్పకుండా, అరల మూతలు ఎత్తి పోశాను. శుభ్రంగా ఉంటుందని.

తొట్టిలో పురుగులన్నీ చచ్చాయి. బావ తిరిగొచ్చిన పూటే అధికారి కూడా వచ్చి, కారు తలుపు తీసి, కంపుకు మళ్ళీ మూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బావ మొహం చూస్తున్నారు. మూత ఎత్తి వాసన చూడగానే ఆయనకు తెలిసిపోయింది. ఎవరు పోశారో కూడా నా కాళ్ళ మీది తెల్ల పొడి చెప్పింది. కారు అద్దం దగ్గరికి వెళ్ళి, "తప్పు నాది సార్. ఇందులో ఏది పొయ్యకూడదో నేను ఊరికి చెప్పలా" అన్నాడు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఖాళీ క్యాన్లు రెండూ తెచ్చి నా ముందు పెట్టాడు. "నడువు, మళ్ళా తోడు తెద్దాం. ఇంకొక్కసారి నువ్వు శుభ్రం చేస్తే కాళ్ళు ఇరగ్గొడతా."

ఆయన చేతికింద అసలు పని నేర్చుకున్నది ఆ రోజు నుంచే.

మరుసటి ఏడు ఇంకొక పెద్దమనిషి వచ్చాడు. అప్పటికి నీళ్ళు గాజులా వస్తున్నాయి. ఆ నీళ్ళతో అరటి, కనకాంబరం పెంచుతున్నాం. ఆయన ఫోటోకు నిలబడి, "ఈ నీళ్ళు మీరు తాగుతారా?" అని నవ్వాడు. చుట్టూ అందరూ బావ సీసా ఎత్తుతాడని చూశారు. నేను కూడా.

"తాగను సార్" అన్నాడు బావ. "ఇది చెట్టుకు. ఇది తాగి చూపించేవాడు వేషం వేస్తా ఉండాడని అర్థం. నేను తాగేది ఆ బావి నీళ్ళు. అది బాగుండాలనే ఇది కట్టింది. రండి, బావికాడికి పోదాం, ఆడ మీరూ తాగచ్చు."

ఫోటో పడలేదు. బావి దాకా మాత్రం నడిచారు.

అందరితోనూ మంచిగా ఉన్నాడని రాస్తే అబద్ధం. ఇడ్లీల ఆమెతో ఆయనకు రోజూ తగువే. ఆమె పిండి గిన్నెలు కడిగిన నీళ్ళు, వడలు కాల్చిన నూనె కాలువలో పోస్తే జల్లెడ జిగటగా పట్టేది. ఆమె గుమ్మం ముందుకు వెళ్ళి అరిచేవాడు. "నీ నూనె అంతా నా తొట్టి తాగాలనా?" ఆమె తక్కువ తినలేదు. "నీ తొట్టికి ఆకలెక్కువని నువ్వే గదా చెప్పింది, తాగనీ" అనేది. చివరికి నూనె వేరే డబ్బాలో పోసి పెట్టేది, కానీ ఆయన అడిగినప్పుడు కాదు, ఆయన అటు తిరిగాక. ఇంకొకరి చేతికి పని అప్పజెప్పడం కూడా ఆయనకు తెలియదు. ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ నేర్పలేదు. అది ఆయన లోపమే.

మా అక్క పోయాక, మోకాళ్ళు సాగక, పోయిన ఏడాది కూతురి ఇంటికి వెళ్ళాడు. అప్పటినుంచి పొద్దున్నే ఫోన్. "వాసన చెప్పు" అనేవాడు. నమస్కారాలు, క్షేమాలు ఏమీ లేవు. నేను పుట్టి ఇన్నేళ్ళలో ఎవరితోనూ అంత మాట్లాడలేదు. మట్టి వాసనా, తడి గోనె వాసనా, పుల్లటిదా, గుడ్డు వాసనా అని వెతికి వెతికి చెప్పేవాణ్ణి. గుడ్డు వాసన అంటే రెండో అర మూత కొంచెం తెరవమనేవాడు. సోమవారం నాడు "ఏమీ లేదు బావా, నీళ్ళ వాసన" అన్నాను. "నీళ్ళకు వాసన ఉండదురా ఎద్దా" అని నవ్వాడు. నేను విన్న చివరి మాట అది.

కర్మకు పట్నం వెళ్ళి ఒక పూట అక్కడే ఉండాల్సి వచ్చింది. మరుసటి రోజు మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే తొట్టి గేటుకు గొలుసు, కొత్త తాళం. అనుమతి లేకుండా ఎవరూ లోపలికి రాకూడదని అరవంలో ఒక కాగితం అతికించారు. లోపల జల్లెడ రెండు పూటల చెత్తతో మూసుకుపోయి, నీళ్ళు కాలువలోకి వెనక్కి తంతున్నాయి.

పంచాయతీ ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళాను. మా వాడే. నన్ను చిన్నాయనా అంటాడు.

"ఆపరేటరు లేడు గదా చిన్నాయనా. ఎవురన్నా పడి చస్తే నా మెడకు చుట్టుకుంటాది" అన్నాడు.

"నేనుండాను గదా."

"నీకు డెబ్బై నాలుగు. నువ్వే పడితే?" అన్నాడు. ఆయనే చెప్పుకుపోయాడు. "ఒక పైపు వేసి నేరుగా చెరువులోకి ఇడిచిపెడదాం. సుళువు. ఆ జాగాలో ఊరికి ఒక మండపం వస్తాది."

"చెరువు కింద బావి ఉండాది."

"అందరూ ఇప్పుడు కొనుక్కున్న క్యాను నీళ్ళే గదా తాగేది."

"అందరూ కాదు."

"సరి, వచ్చే నెల మీటింగులో మాట్లాడుకుందాం. అందాకా తాళం ఉండనీ."

ఆయన చెడ్డవాడని నేను రాయను. సుళువైన దారి చూశాడు, అంతే. కానీ ఆ తాళం నెల అక్కర్లేదు, ఇంకో రెండు రోజులు ఉంటే చాలు. మురుగు వీధి ఎక్కుతుంది. అప్పుడు ఊరే అంటుంది, ముసలాయన పోయాడు, తొట్టి చెడింది, పైపు వేసెయ్యండి అని. పదకొండేళ్ళ పని రెండు రోజుల్లో అబద్ధమైపోతుంది. అది అర్థం కాగానే నా నోట్లోంచి మాట వచ్చింది.

"నెల దాకా నీళ్ళు ఆగవురా" అన్నాను. ప్రెసిడెంటు అయ్యాక ఆయన్ను రా అని పిలవడం అదే మొదలు. బదులు కోసం నిలబడలేదు.

తిరిగి వచ్చేసరికి ఇడ్లీల ఆమె తన మెట్టు మీద నిలబడి ఉంది. నీళ్ళు కింది మెట్టుకు తగులుతున్నాయి.

"తాళంచెవి తెచ్చినావా అన్నా?"

"ఇయ్యలా."

"పగలగొడదామా? రుబ్బురోలు పొత్రం తెస్తా."

"వద్దమ్మా. పంచాయతీ తాళం. పగలగొడితే తప్పు మనదవతాది."

గేటు చుట్టూ చూశాను. తాళం ఒక పక్కే ఉంది. రెండో పక్క గేటు ఉత్త ఇనుప చీలల మీద కూర్చుని ఉంది. మా ఊళ్ళో పశువుల కొట్టాల గేట్లన్నీ ఇంతే, పైకి ఎత్తితే ఊడి వస్తాయి. తాళం వేసినవాళ్ళకు ఆ పక్క చూడాలని తోచలేదు.

"ఆ కింద పట్టుకోమ్మా" అన్నాను.

ఆమె చీర ఎగదోపుకుని వచ్చింది. "మీ బావ నన్ను తిట్టిన తిట్లకు నేను ఆయన గేటు ఎత్తాలనా?"

"ఎత్తమ్మా."

"ఎత్తుతా. ఆయన కోసరం అనుకోవద్దు, మా మెట్టు కోసరం" అంది. అని, వీధిలోకి తిరిగి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను కేకేసి పిలిచింది.

నలుగురం ఎత్తాం. చీలల మీద నుంచి లేచి, గేటు గొలుసు మీదే తిరిగి అటుపక్కకు తెరుచుకుంది. నేను లోపలికి దిగి కర్రతో జల్లెడ లాగాను. రెండో లాగుడుకు కర్ర చెత్తలో ఇరుక్కుంది. ఆమె కర్ర తీసుకుని తనే లాగింది. తన ఇడ్లీ పిండి గోరంత మందాన పట్టి ఉండటం చూసి, దాన్నీ గీకింది. నీళ్ళు గుడగుడమని తొట్టిలోకి దిగాయి. వీధిలో మెట్టు బయటపడింది.

ఎవరు చేశారని ఎవరూ వెతుక్కోకూడదని, ఆ కాగితం కింద పెన్సిలుతో నా పేరు రాశాను. తెలుగులోనే రాశాను. ఇడ్లీల ఆమె చూసి, "నాది గూడా రాయన్నా" అంది. మిగిలిన ఇద్దరూ చెప్పారు. రాశాను. పొద్దున జల్లెడ లాగడానికి వంతులు వేసుకున్నాం. వంతులో ఇప్పుడు ఏడు ఇళ్ళు ఉన్నాయి. ప్రతి ఇంటికీ వాసన చూడటం నేర్పుతున్నాను. బావ వాళ్ళకు నేర్పనిది నేను నేర్పుతున్నాను, ఆయన ఏమనుకున్నా సరే.

మీటింగులో నేను లేచి మాట్లాడగలనో లేదో తెలియదు. మాట్లాడలేకపోతే ఈ కాగితాలే చదివి వినిపించమని మేనకోడలికి చెప్పాను. పైపు పడనివ్వం అన్నది మాత్రం ఇందులో స్పష్టంగా ఉండాలి కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. పైపు పడనివ్వం.

గేటు తిరిగి పెట్టడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. తాళం వేసినది వేసినట్టే ఉంది. దాన్ని పట్టుకుని గేటు పక్కకు ఒరిగి గోడకు ఆనుకుంది. మంచుకు కాగితం అంచులు లేచాయి. లోపలికి రాకూడదన్న అచ్చు అక్షరాలు ఎండకు వెలిసిపోతున్నాయి. కింద పెన్సిలు పేర్లు పదకొండు అయ్యాయి.